శనివారం పజిల్‌లో ఏడో మాట

జైలు, బైండింగ్ గది
ఆదివారం

గళ్ళ పండితుడైన బావమరిదికి,

అందరం క్షేమం అని మొదలుపెట్టాలని పక్క గది ముసలాయన చెప్పాడు. ఇక్కడ క్షేమమంటే ఈ పూటకి ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయని అర్థం. ఆ లెక్కన నేను క్షేమమే. నిన్న స్నానాల దగ్గర సబ్బు కోసం ఇద్దరు కలబడ్డారు. ఒకడి చెవి ముక్క రెండోవాడి నోట్లోకి వచ్చేసింది. కాపలావాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి వాడు దాన్ని ఉమ్మేసి తాపీగా ఒళ్లు రుద్దుకుంటున్నాడు. నేను నా చెంబు తీసుకుని పక్కకి జరిగాను. ఎనిమిది నెలల్లో నా ఫైలు విడుదల కమిటీ ముందుకి వెళ్తుంది. ఈ ఆరేళ్లలో నా మీద ఒక్క రిపోర్టు లేదు. ఇలాగే ఒదిగి ఉంటే మిగతా శిక్ష తీసేసి ఇంటికి పంపేస్తారట. అందుకని కళ్లముందు చెవులు రాలినా నాకేమీ కనబడదు.

నువ్వు పేపర్లోంచి కత్తిరించి పంపిన సోమవారం పజిల్ అందింది. నేను జీవితమంతా పుస్తకాల వెన్ను చూసినవాణ్ణే తప్ప లోపల చూసింది తక్కువ. అయినా పదకొండు మాటలు పట్టాను. నిలువు నాలుగు దగ్గర మాత్రం నీతో తగువుంది. “పలక తిరగబడితే వడ్రంగికి ముడిసరుకు” అన్నావు. పలక తిరగబడినా పలకే కదా, అదే రాశాను. అడ్డం మాటలు ఒక్కటీ కలవడం లేదు. పైగా కొన్ని ఆధారాల పక్కన చుక్కలు పెట్టావు. అవి నీ సొంత సంతకాలా, అచ్చుతప్పులా?

నాతోపాటు ఇక్కడ రిజిస్టర్లు కుట్టేవాడొకడున్నాడు. తల నున్నగా ఉంటుందని అందరూ గుండు అంటారు. ఇద్దర్ని నరికి వచ్చాడు, మూడోవాడు తప్పించుకున్నాడని ఇప్పటికీ దిగులు. నేను గళ్లు నింపుతుంటే పక్కనే నిలబడి, “హంతకుడికి అక్షరాభ్యాసం” అంటాడు. మొన్న కాగితం లాక్కుని గళ్ల నిండా సున్నాలు చుట్టాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

పాప ఎలా ఉంది? మీ అక్క పోయాక దాన్ని నాలుగేళ్లు నేను పెంచాను, ఆరేళ్లుగా నువ్వు పెంచుతున్నావు. పదహారు నిండాయి కదా. ఈసారైనా రెండు ముక్కలు రాయమని అడుగు. బతిమాలకు, అడుగు చాలు.

మీ బావ


పత్రిక ఆఫీసు, మెట్ల పక్క గది
గురువారం

బావా,

పలక తిరగబడినా పలకే అన్న నీ వాదన మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఫోర్‌మన్ అయితే నీకే బహుమతి ఇవ్వమన్నాడు. అయ్యా, తిరగబడటమంటే మాట చివరి నుంచి మొదటికి చదవడం. ప, ల, క. వెనక్కి చదువు. క, ల, ప. కలప. వడ్రంగికి ముడిసరుకు అదే కదా. ఆధారంలో ఎప్పుడూ ఒక కొస అర్థం చెబుతుంది, ఒక కొస ఆట ఆడుతుంది. ఏది ఏదో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చుక్కలు అచ్చుతప్పులు కావు. ఆ రోజు పజిల్‌లో ఏడు మాటలు ఒకే ఇంటివి. వాటి ఆధారాల పక్కన చుక్క పెడతాం. ఎడిటర్ గారికి ఉన్నట్టుండి చేతివృత్తుల మీద ప్రేమ పుట్టి, వారం మొత్తం రోజుకో వృత్తి కావాలన్నారు. సోమవారం వడ్రంగి, మంగళవారం కుమ్మరి, బుధవారం దర్జీ, గురువారం కమ్మరి, శుక్రవారం మంగలి. ఏడు మాటలు దొరకడం కాదు కష్టం, అవి గళ్లలో ఎదురెదురుగా సమానంగా కూర్చోవాలి. పేజీని తలకిందులు చేసి చూసినా నల్లగళ్లు అలాగే కనబడాలి. నాకు దానిమీద పిచ్చి అని నీకు తెలుసు.

నాలుగు పజిళ్లు ఈ కవరులో పెట్టాను. శనివారంది దొరకలేదు, ఎవరో పేపరు చింపేశారు.

ఆ గుండు జోలికి వెళ్లకు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు. ఎనిమిది నెలలు, అంతే.

పాపని అడిగాను. దాచను, అది అన్న మాటే రాస్తున్నాను. “హంతకుడికి నేనేం రాస్తాను మామయ్యా” అంది. చదువులో మాత్రం ముందుంది. కోపంలో అచ్చం నువ్వే.

నీ బావమరిది


జైలు, బైండింగ్ గది
మంగళవారం

బావమరిదికి,

మా గుండుకి సుఖమూ లేదు, ఊరుకోవడమూ లేదు. సామెత తిప్పి రాయి.

దర్జీది మొత్తం నింపాను. “ఒంటి కన్నుతో బట్టంతా తిరుగుతుంది” అంటే సూది. మంగలిది ఒక్కటి మిగిలింది. “ఎదుటివాడి మొహమే తప్ప తనకంటూ మొహం లేనిది” దగ్గర రాజకీయ నాయకుడని రాద్దామనుకున్నా, గళ్లు రెండే ఉన్నాయి. అద్దం అని తట్టేసరికి అన్నం గంట కొట్టారు. ఆ సంతోషంలో తింటూ ఉంటే గుండు నా పళ్లెంలో ఉమ్మాడు. నేను లేచి కడుక్కుని వచ్చి మళ్లీ వడ్డించుకున్నాను. నా ఓర్పు చూసి వాడికే భయం వేసుంటుంది.

పాప మాట దాచకుండా రాశావు, మంచిది. అది అన్నదాంట్లో తప్పులేదు. కానీ ఒక సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. నిన్న కమిటీ తరఫున ఒకాయన వచ్చి, చేసిన పనికి పశ్చాత్తాపపడుతున్నావా అని అడిగాడు. పడుతున్నానన్నాను. ఏం చేశావో నీ నోటితో చెప్పు అన్నాడు. అక్కడ ఆగిపోయాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం తాగి, పనిచేసే బైండింగ్ షాపుకి వెళ్లాను. ముందురోజు ఓనరు అందరి ముందూ నన్ను ఇనుప స్కేలుతో మొహం మీద కొట్టాడు కదా, అది మనసులో మరుగుతూ ఉంది. లోపల ఓనరొక్కడే ఉన్నాడు. మాటామాటా పెరిగింది. సుత్తి తీసి ఒక్కటి వేశాను. చెవి పైన తగిలింది. ఆయన పుస్తకాలు బిగించే ప్రెస్సు ఇనుప పిడి ఊడబీకి నా తలమీద కొట్టాడు. అంతే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి ఆయన పుర్రె పగిలి పడున్నాడు, సుత్తి నా చేతిలో ఉంది, పోలీసులు నా చొక్కా పట్టుకున్నారు. పదకొండు దెబ్బలని డాక్టరు కోర్టులో చెప్పాడు. మొహం ఆనవాలు లేకుండా పోయిందన్నాడు. నాకు గుర్తున్నది ఒక్కటే. మిగతా పది నా చేతిలోంచి ఎలా వచ్చాయో ఆరేళ్లుగా వెతుకుతున్నాను. తాగిన మత్తు మింగేసిందని లాయరు అన్నాడు. మింగేసిందేమో. కానీ గుర్తులేని దెబ్బకి ఎలా ఏడవను? ఈ ఒక్కటి తేలితే, ఇంటికి వచ్చి పాప ఎదురుగా కూర్చుని తలెత్తి మాట్లాడగలను. చేశానంటే చేశాననే చెబుతాను. తెలియకుండా మాత్రం చెప్పలేను.

శనివారం ఏ వృత్తి పెట్టావు?

మీ బావ


పత్రిక ఆఫీసు, మెట్ల పక్క గది
సోమవారం

బావా,

పని ఎక్కువగా ఉంది, రెండు ముక్కలే రాస్తున్నాను.

కమిటీవాళ్లకి కావలసింది నీ జ్ఞాపకం కాదు, నీ వినయం. కొట్టాను, చంపాను, చాలా తప్పు చేశాను అను. తల దించుకో. వాళ్లు రాసుకుని పోతారు. పుండుని గోకితే మానుతుందా? వాడు చచ్చాడు, నువ్వు శిక్ష అనుభవించావు, లెక్క సరిపోయింది. పది దెబ్బల్ని వెతికి తెచ్చుకుని ఏం చేసుకుంటావు?

శనివారం తోటమాలి. నీకు తెలియని పూల పేర్లన్నీ ఉన్నాయి, రాలేదని బాధపడకు.

పాప బాగుంది.

నీ బావమరిది


జైలు, బైండింగ్ గది
శనివారం

బావమరిదికి,

తోటమాలి అన్నావు. నాకు శనివారం పేపరు దొరికింది.

గుండు పరుపు కింద ఉంది. నాకు ఇవ్వకుండా ఏడిపించడానికే దాచుంచాడు. వారం రోజుల రొట్టె ఇస్తానని బేరమాడి తీసుకున్నాను. విప్పి చూస్తే పైన పెద్దక్షరాలతో “ఈ రోజు: బైండింగ్ షాపు” అని ఉంది. నా వృత్తి వచ్చిన రోజుదే నాకు పంపలేదేమా అని నవ్వుకున్నాను. ఆ షాపు గుర్తు రాకూడదని దాచుంటావు, మా బావమరిది మనసు వెన్న అనుకున్నాను.

కూర్చుని నింపాను. అట్ట, దారం, మైనం, జిగురు, దబ్బనం, కత్తెర. చుక్కలున్న ఆరూ రెండు నిమిషాల్లో వచ్చేశాయి. సుత్తి ఎక్కడా లేదు, అది కూడా నామీద దయే అనుకున్నాను. ఏడోది రాలేదు. “పరిగెత్తదు, కాగితాన్ని ఎగరనివ్వదు, ఇత్తడి వీపు.” మూడు గళ్లు. నిలువులో “జంటగా వచ్చే ఇనుప గాజులు” అంటే బేడీలు, అది నా కంటే బాగా ఎవరికి తెలుసు. దాంతో నడిమి అక్షరం బే అయింది. తాబేలు.

పెన్ను పక్కన పెట్టేశాను. ముప్పై ఏళ్లు నేను బైండింగ్ చేశాను. ఏ బైండింగ్ షాపులోనూ ఇత్తడి తాబేలు ఉండదు. మేం కాగితాల మీద ఇటుక పెడతాం, అట్ట చుట్టిన ఇటుక. తాబేలు నేను ఒక్క షాపులో, ఒక్కరోజు చూశాను. ఆ ఆదివారం నేను లోపలికి వెళ్లేసరికి ఓనరు బల్లమీద పార్సిల్ విప్పుతున్నాడు. రద్దుకాగితాల్లోంచి ఇత్తడి తాబేలు తీసి, పంచె చెంగుతో తుడిచి, కాగితాల దొంతర మీద పెట్టాడు. రెండు పిడికిళ్లంత ఉంది. శనివారం సాయంత్రం షాపు మూసేటప్పుడు అది లేదు. పోలీసులు షాపులో దొరికిన వస్తువులన్నీ కోర్టులో చదివారు. జిగురు గిన్నె, విరిగిన సూది కూడా చదివారు. తాబేలు చదవలేదు. నాకూ అది గుర్తు రాలేదు, ఎవరికీ చెప్పలేదు.

అంటే అది ఆదివారం మధ్యాహ్నం వచ్చింది, పోలీసులు వచ్చేలోపు పోయింది. దాన్ని చూడాలంటే ఆ కాసేపట్లోనే చూడాలి. నువ్వు ఎప్పుడు చూశావు?

ఇంకేమీ అడగడం లేదు. దీనికి జవాబు రాయి.

మీ బావ


పత్రిక ఆఫీసు, మెట్ల పక్క గది
శుక్రవారం

బావా,

నీ ఉత్తరం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పజిల్ ఎలా కడతామో తెలిస్తే నువ్వే నవ్వుతావు. ఆ మూలలో బేడీలు ముందే కూర్చుంది. దాన్ని కోసుకుంటూ మూడక్షరాల మాట, నడుమ బే కావాలి. నిఘంటువు వెతుక్కో, తాబేలు తప్ప ఇంకొకటి ఉందేమో. ఏడో చుక్క కావాలి కాబట్టి కాగితాల మీద పెట్టే ఇత్తడి బొమ్మని చేశాను. మా ఎడిటర్ గారి బల్లమీద ఇత్తడి ఏనుగుంది. లోకంలో తాబేళ్లకి కరువా?

నువ్వు ఆ రోజు నిలబడలేనంత తాగున్నావు. తల పగిలింది. తాబేలు చూశావో, ఏం చూశావో నీకే తెలియదు. ఆరేళ్ల తర్వాత నా పజిల్ చూశాక నీ బుర్ర దాన్ని తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. మనసు అలాంటి పనులు చేస్తుంది.

నిన్ను బాధపెడుతుందని ఇన్నాళ్లూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. సుత్తి నీ చేతిలో ఉంది. పదకొండూ నీ చేతివే. ఇంకెవరివో అయ్యుంటాయని ఆశపడకు, పిచ్చెక్కుతుంది. చేశానని ఒప్పుకో, తేలికపడతావు. తోటమాలి అని ఎందుకన్నానో నువ్వే రాశావు కదా, ఆ షాపు నీకు గుర్తు రాకూడదని.

పాప పరీక్షల్లో ఉంది. దాని మనసు చెడగొట్టే ఉత్తరాలేవీ ఇంటికి రాయకు.

నీ బావమరిది


జైలు, బైండింగ్ గది
బుధవారం

బావమరిదికి,

సరే. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పిందే నిజమై ఉంటుంది.

కమిటీ మనిషిని పిలిపించుకుని పదకొండూ నావే అని చెప్పాను. రాసుకున్నాడు. తేలికపడతానన్నావు, పడలేదు. ఇంకో రకంగా అయింది. ఆరేళ్లుగా ఎవరేమన్నా, ఏమో, నేను కాదేమో అని లోపల ఒక మూల నక్కి కూర్చున్నవాడొకడు ఉండేవాడు. పళ్లెంలో ఉమ్మితే కడుక్కుని వచ్చింది వాడే. నీ ఉత్తరం తర్వాత వాడు కనబడటం లేదు.

నిన్న గుండు పాప ఫొటో తీసుకున్నాడు. దానికి పదేళ్లప్పటిది, నా దగ్గరున్నది అదొక్కటే. దానిమీద జిగురు పూసి ఎవరిదో రిజిస్టరు అట్టకి అంటించాడు. పీకితే మొహం సగం వచ్చింది. వాడు చెప్పిన మాటలు ఇక్కడ రాయను, ఈ ఉత్తరం ఆఫీసరు చదివాకే నీకు వస్తుంది. పుస్తకం వెన్ను గుండ్రం చెయ్యడానికి మాకు సుత్తి ఇస్తారు. ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకుంటే చెయ్యి వణికేది. నిన్న వణకలేదు. ఒకసారి పదకొండు వేసిన చెయ్యికి పన్నెండోది బరువా అనిపించింది.

పజిళ్లు ఇంక పంపకు.

మీ బావ


ఇల్లు, వంటింటి బల్ల
బుధవారం

బావా,

నీ చివరి ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్లూ దొంగకి తేలు కుట్టినట్టు పడున్నాను. ఈ ఉత్తరం నీకంటే ముందు మీ ఆఫీసరు చదువుతాడని నాకు తెలుసు. చదవనీ.

ఆ ఆదివారం పాప ఏడుస్తూ నా గదికి పరిగెత్తుకొచ్చింది. నాన్న తాగి షాపుకి వెళ్లాడు, వాడి సంగతి తేలుస్తానన్నాడు అంది. దాన్ని నా గదిలో కూర్చోబెట్టి వచ్చాను. షాపు తలుపు దగ్గరగా వేసుంది. తోసుకుని వెళ్తే నువ్వు నేలమీద బోర్లా పడున్నావు. నీ తల కింద నెత్తురు కాగితాల దాకా పాకింది. ఓనరు బతికే ఉన్నాడు. చెవి దగ్గర చిట్లి చొక్కా తడిసింది, అంతే. ప్రెస్సు పిడి పట్టుకుని నీ చుట్టూ తిరుగుతూ నీ తలమీద కాలితో తన్నుతున్నాడు. నన్ను చూసి కూడా ఆగలేదు. “నన్ను చంపడానికొచ్చాడు, నేనే చంపేశాను. పో, ఎవర్ని పిలుచుకుంటావో పిలుచుకో” అన్నాడు. మళ్లీ తన్నాడు. నీ మెడ ఇటు నుంచి అటు వాలిపోయింది. నువ్వు చచ్చిపోయావనుకున్నాను.

చేతికి తాబేలు దొరికింది. మొదటి దెబ్బకే వాడు కూలబడ్డాడు. అక్కడ ఆగుంటే వాడూ బతికేవాడు, మనమూ బతికేవాళ్లం. నేను వాడి మీద కూర్చున్నాను. చెయ్యి పైకెత్తాడు, దాని మీదే కొట్టాను, వేళ్లు విరిగాయి. చెయ్యి పడిపోయాక మొహం మీద కొట్టాను. పళ్లు, ముక్కు, కన్ను. ఏదో అంటున్నాడు, అది ఆగేదాకా కొట్టాను. ఆగాక కూడా కొట్టాను. జీవితమంతా పక్కవాడి అచ్చుతప్పులు దిద్దుతూ బతికినవాణ్ణి బావా, నాలో అంత కసి ఎక్కడుందో నాకు తెలియదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కాసేపు బాగుంది.

అప్పుడు నువ్వు మూలిగావు.

నువ్వు బతికున్నావని తెలిసి నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? డాక్టరు కోసం పరిగెత్తడం కాదు. నీ పక్కన పడున్న సుత్తిని వాడి నెత్తుట్లో అద్ది నీ చేతిలో పెట్టి వేళ్లు మూశాను. రెండో మనిషి కోసం ఎవరూ వెతక్కూడదని. తాబేలుని చొక్కాలో చుట్టుకుని వెళ్లి కాలవలో పారేశాను. పాప కోసం ఒకరైనా బయట ఉండాలి కదా అని ఆరేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది తర్వాత కట్టుకున్న మాట. అప్పుడున్నది భయమే.

శనివారం పజిల్ సంగతి కూడా చెప్పాలి. తాబేలు రాసినప్పుడు నాకేమీ గుర్తు రాలేదు, మూల కుదిరిందని సంతోషించానంతే. ప్రూఫు చేతికొచ్చాక చూశాను. ఆ తాబేలుని ఎక్కడ చూశానో అప్పుడు గుర్తొచ్చింది. మార్చడానికి గంట టైముంది. కానీ దాన్ని తీస్తే బేడీలు తియ్యాలి, బేడీలు తీస్తే ఆ మూల మొత్తం పీకాలి, ఎదురు మూల కూడా చెడుతుంది. అంత కుదిరిన పజిల్ ఈ మధ్య నేను కట్టలేదు. ఎవడు పట్టుకుంటాడులే అని సంతకం పెట్టి పంపేశాను. పట్టుకోగలిగింది లోకంలో ఒక్కడే, వాడికి నేర్పుతున్నది నేనే.

నీ ప్రశ్నకి అబద్ధం రాశాను. సుత్తికి చెయ్యి వణకడం లేదని నువ్వు రాశాక నిద్ర పోయింది. ఈ పొద్దున పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. అది నన్ను కొట్టింది. చేతికందిన గిన్నెతో కొట్టింది, కనుబొమ్మ చిట్లింది. కొట్టి కొట్టి, “ఆరేళ్లు మా నాన్నకి ఒక్క ఉత్తరం రాయలేదు మామయ్యా” అని ఏడ్చింది. శనివారం నిన్ను చూడటానికి వస్తోంది. అది బయలుదేరాక నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. నన్ను క్షమించమని అడగను. ఆ ఫైలు ఇప్పుడు కమిటీ కోసం కూడా ఆగక్కర్లేదు. నువ్వు చంపలేదు బావా. ఇంటికి రా.

నీ బావమరిది


జైలు, ఒంటరి గది
ఆదివారం

బావమరిదికి,

ఇది నీకు ఏ గదిలో అందుతుందో తెలియదు. స్టేషన్‌లోనే ఉన్నావని పెద్దాఫీసరు చెప్పాడు. నన్ను కూడా మార్చారు. ఇక్కడ బల్ల లేదు, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను.

పోయిన మంగళవారం, నువ్వు ఉత్తరం రాయడానికి కూర్చున్న ముందురోజు, గుండు ఆ సగం ఫొటోని తన చొక్కాకి గుచ్చుకుని పనిలోకి వచ్చాడు. తీసెయ్యమన్నాను. “హంతకుడా, నీ కూతురు నా గుండెమీదే బాగుంది” అన్నాడు. నా చేతిలో సుత్తి ఉంది. మొదటిది కణత మీద వేశాను, వాడు స్టూలు మీద నుంచి పడ్డాడు. రెండోది నోటిమీద. మూడోదానికి పుర్రె లోపలికి పోయింది, సుత్తి ఇరుక్కుంటే పీకాల్సి వచ్చింది. నాలుగోది అనవసరం, అయినా వేశాను. తర్వాత ఫొటో తీసుకుని నెత్తురు తుడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పటికి కాపలావాళ్లు నా వీపుమీద లాఠీలు విరగ్గొడుతున్నారు.

నాలుగూ గుర్తున్నాయి. ఏది ఎక్కడ తగిలిందో, చెయ్యికి ఎలా తెలిసిందో, వాడి కాలు ఎప్పుడు ఆగిందో అన్నీ గుర్తున్నాయి. తిండి మర్చిపోతానేమో గాని అవి మర్చిపోను. ఆ రోజు నేలమీద నన్ను తొక్కిపట్టుంచినప్పుడు నాకు తెలిసింది, మనిషిని చంపితే ఇలా ఉంటుందని. ఇంతకుముందు నేనెప్పుడూ ఎవర్నీ చంపలేదని కూడా అప్పుడే తెలిసింది. నీ ఉత్తరం మూడు రోజుల తర్వాత వచ్చింది. ఆఫీసరు విప్పి తెచ్చి, తనే చదివి వినిపించాడు. చదివాక మడిచి నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నిన్ను నా చేతులతో పీక నులిమి చంపాలని ఉంది. ఇది ఆఫీసరు చదివినా ఫర్వాలేదు. నన్ను తన్నేవాణ్ణి కొట్టినందుకు కాదు. అంతవరకు నువ్వు నా బావమరిదివే, నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేవాణ్ణి. సుత్తి నా చేతిలో పెట్టినందుకు కూడా కాదేమో, భయపడ్డావు. తాబేలు ఎప్పుడు చూశావని నేను అడిగినప్పుడు నువ్వు ఏమీ రాయకుండా ఊరుకున్నా చాలేది. పదకొండూ నీ చేతివే అని రాశావు. నేను నమ్మాను. నమ్మినవాడు ఏం చేస్తాడో అదే చేశాను.

నిన్న పాప వచ్చింది. చేతులకి సంకెళ్లతో తీసుకెళ్లి కూర్చోబెట్టారు, పది నిమిషాలు ఇచ్చారు. దానికి ఇక్కడి సంగతి ఎవరూ చెప్పలేదు. ఎంత పొడుగైందిరా, మీ అక్క నడకే వచ్చింది. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి తీగల జాలీ మీద రెండు అరచేతులూ ఆనించింది. సంకెళ్లతోనే నా చేతులు ఎత్తి ఇటువైపు నుంచి ఆనించాను. ఏడుస్తూ నవ్వుతూ ఉంది. ఆరేళ్లు హంతకుడన్నాను నాన్నా, నోరు పడిపోవాలి నాకు అంది. ఇంటికి రాగానే ముందు గది నీకే అంది, కొత్త చొక్కాలు కొంటానంది. చివరికి గొంతు తగ్గించి అడిగింది.

“నాన్నా, నువ్వు ఎవర్నీ చంపలేదు కదా. ఒక్కసారి నీ నోటితో చెప్పు.”

తెలియకుండా చెప్పలేనని నీకు రాశాను. ఇప్పుడు తెలుసు.

“చంపానమ్మా” అన్నాను. “పోయిన మంగళవారం.”

అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది. తర్వాత నా సంకెళ్లు చూసింది. నా వెనక లాఠీలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కాపలావాళ్లని చూసింది. చేతులు జాలీ మీద నుంచి తీసేసింది.

మీ బావ